ఏటివైపు గోడకు కొత్త పూత

శుక్రవారం ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలు. తాయిఫ్‌కు దక్షిణంగా కొండల మధ్య ఉన్న హమ్దా పట్టణంలో ఆ వేళకు ఉష్ణోగ్రత పందొమ్మిది డిగ్రీలు. తూర్పు నుంచి ఆకు కదిలీ కదలనంత గాలి. ఆకాశంలో ఒక్క మబ్బు తునకైనా లేదు. ఈ చివరి సంగతిని పాఠకులు కాస్త గుర్తుంచుకోవాలి. దానితో ముందు పని పడుతుంది.

భవిత ఇక్కడిదాకా రావడానికి కారణం ఒక ఖాళీ గడి. అల్ ఖోబర్‌లో, అజీజియా ప్రాంతంలోని ఒక చిన్న కన్సల్టెన్సీలో ఆమె జలవనరుల ఇంజనీరు. హమ్దా పాత ఊరిని పర్యాటకుల కోసం బాగుచేస్తున్నారు. అక్కడి హోటళ్ళలో పనిచేయబోయే రెండువందల అరవై మందికి వాగు ఒడ్డు మైదానంలో వసతిగృహాలు కట్టాలని నిర్ణయమైంది. ఆ మైదానానికి వరద భయం లేదని తేల్చిన నివేదిక భవిత రాసిందే. ఇరవై రెండేళ్ళ ప్రవాహపు కొలతలూ, డ్రోన్ తీసిన ఫొటోలూ ముందేసుకుని, ఊరి మొహమైనా చూడకుండా రాసింది. ఆదివారం ఉదయం పది గంటలకల్లా సంతకం చేసి ఇవ్వాలి. చివరి పుటలో 'స్థలాన్ని చూసిన తేదీ' అన్న గడి దగ్గర ఆమె కలం ఆగిపోవడంతో కిందటి వారం కథ ఆగింది. "ఏదో ఒక తేదీ వేసెయ్యమ్మా, ఖాళీగా ఉంటే సిస్టమ్ తీసుకోదు," అన్నాడు ఆమె పై అధికారి పద్మనాభం. భవిత తేదీ వెయ్యలేదు. విమానం టిక్కెట్టు తీసుకుంది. అప్పుడాయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "అయితే నేనూ వస్తాను," అన్నాడు. ఎందుకన్నాడో ఆమెకు బోధపడలేదు.

పద్మనాభానిది బాపట్ల. వయసు అరవై మూడు. వచ్చే నెలలో ఆయనకు ఖురూజ్. అంటే ఈ దేశం విడిచి ఇక తిరిగి రాని ముద్ర పాస్‌పోర్టు మీద పడుతుంది. భవిత వరంగల్ అమ్మాయి. ఆరేళ్ళ క్రితం ఆమెను ఇంటర్వ్యూ చేసి తెచ్చుకున్నది ఆయనే. వచ్చిన ఏడాదే ఆమెకు అపెండిక్స్ ఆపరేషన్ అయితే, ఆయన భార్య నాగమల్లేశ్వరి నాలుగు రోజులు ఆసుపత్రి కుర్చీలోనే నిద్రపోయింది. చారన్నం డబ్బాలో పెట్టుకుని, నీరసంగా ఉన్న ఆ పిల్ల నోటికి చెంచాతో అందించింది. అందువల్ల భవిత పద్మనాభాన్ని 'సర్' అని పిలిచినా, ఆ పిలుపులో ఉద్యోగం పాలు తక్కువ.

ఇద్దరూ కారు దిగి వాగు వెంట నడిచారు. వాగంటే నీళ్ళు కావు. తెల్లని గుండ్రాళ్ళ దారి ఒకటి కొండల్లోంచి దిగి, ఊరిని ఆనుకుని, వంపు తిరిగి వెళ్ళిపోయింది. ఒడ్డున రాతిమేడలు ఒకదాని భుజం మీద ఒకటి వాలినట్టున్నాయి. వాటికీ వాగుకూ మధ్య ద్రాక్షపందిళ్ళు. కోతలు ముగింపుకొచ్చాయి; ఆకుల మాటున అక్కడక్కడ నల్లని గుత్తులు మిగిలాయి. దారిపక్క బండరాతిలో ఒక తొట్టి తొలిచి ఉంది. దాని అడుగు నుంచి ఒక కాలువ, కాలువ చివర ఇంకో చిన్న తొట్టి. ఎన్నో వందల ఏళ్ళ కిందట, ఇక్కడి ద్రాక్ష పానీయమై ఒంటెల మీద దూరదేశాలకు వెళ్ళిన రోజుల్లో, కాళ్ళతో తొక్కి రసం తీసిన తొట్టి అది. తర్వాత ఆ పానీయం నిషిద్ధమైంది. తొట్టిని ఎవరూ పగలగొట్టలేదు, అదేమిటని ఎవరూ రాసి పెట్టలేదు. ఇప్పుడందులో మేకలు నీళ్ళు తాగుతున్నాయి. చెప్పకూడనిదాన్ని ఈ ఊరు చెరిపెయ్యదని, మరో పనిలో పెట్టుకుంటుందని భవితకు తోచింది. ఆ ఆలోచన గంటలోపే తనకు అక్కరకొస్తుందని ఆమె అనుకోలేదు.

ఆమె చూడాలనుకున్నది గోడను. నివేదిక నలభై ఒకటో పుటలో ఆమె రాసిన వాక్యం ఇది: 'పాత ఊరి ఏటివైపు గోడల మీద వరద గుర్తులేవీ లేవు.' ఆ వాక్యం మీద ఆమెకు నమ్మకం ఉండేది. మైదానం ఏ ఎత్తులో ఉందో ఆ గోడ పాదమూ అదే ఎత్తులో ఉంది. మైదానం మునిగితే గోడ మునగాలి. మునిగిన గోడకు చార పడాలి. చార లేదు కాబట్టి వరద లేదు. తర్కంలో లోపం కనబడలేదు.

గోడ ఎదుట నిలబడ్డాక లోపం గోడలో కనబడింది. తలెత్తు దాటి ఇంకో మూరెడు దాకా పూత తెల్లగా, నున్నగా ఉంది. ఆపైన గోడ మామూలు వయసులో ఉంది, వానచారలతో, పిట్టల రెట్టలతో, గోధుమరంగులో. తెలుపుకూ గోధుమకూ మధ్య గీత గీసినట్టు అడ్డంగా సాగింది.

"సర్, కింది సగమే ఎందుకు పూసిన్రు?" అంది భవిత.

పద్మనాభం వాగు వైపు చూస్తున్నాడు. "రిస్టోరేషన్ వాళ్ళు పూసుంటారమ్మా."

"వాళ్ళింకా ఈ పక్కకు రాలేదు సర్. మొన్న మీటింగ్‌ల వాళ్ళే చెప్పిన్రు కదా."

జవాబు పందిరి కిందినుంచి వచ్చింది.

"ఎవరమ్మా అది, తెలుగు మాట్లాడతాండేది?"

చేతిలో కొమ్మలు కత్తిరించే కత్తెర, తలకు తువ్వాలు, నెరిసిన గడ్డం. పేరు కాలేషా. హిందూపురం దగ్గరి మనిషి. చిన్నప్పటినుంచీ ద్రాక్షతోటల్లో పెరిగినవాడు. ఇరవై ఆరేళ్ళుగా ఈ తోటకు పెద్దపాలేరు. నెలకోసారి ఫోనులో తప్ప తెలుగు వినని చెవికి రెండు గొంతులు తగిలేసరికి పని వదిలేసి వచ్చాడు.

"మీది యా ఊరు పాపా? వరంగల్లా? రాండి, కూర్చోండి. ముందు రెండు గుత్తులు తినండి. తినకుండా పోతే తోటకు కోపమొస్తాది. ఈ పండుకి రెండే దోవలు పాపా, తినడమన్నా, ఎండబెట్టడమన్నా. మూడో దోవ అడగగూడదు."

భవిత నవ్వి గుత్తి అందుకుంది. గోడ చూపించి, "పెద్దాయనా, ఈ పూత ఎవరు పూసిన్రు?" అని అడిగింది.

"నేనే. నేనూ ఇంకో ముగ్గురూ. పద్దెనిమిదేండ్లాయ."

"కింద సగమే ఎందుకు?"

"ఏరు యాడిదాకా వచ్చిందో ఆడిదాకానే పూస్తారు. ఈ ఊరోళ్ళ పద్ధతి. ఏరు వచ్చిపోయినాక నలభై దినాల్లో గోడ కడిగి పూత పూయల్ల. ఏటి గుర్తు ఇంటిమీద ఉంటే, ఏరు తన గుర్తు ఎతుక్కుంటా మళ్ళా వస్తాదంట." కాలేషా తువ్వాలు సర్దుకున్నాడు. "మనకేం తెలుసు? పూయమన్నారు, పూసినాము."

భవిత చేతిలోని గుత్తి చేతిలోనే ఉండిపోయింది. చార లేదు కాబట్టి వరద లేదని తాను రాసింది. వరద వచ్చింది కాబట్టే చార లేదు. తొలినుంచీ తాను చూస్తున్నది గుర్తు లేకపోవడాన్ని కాదు, గుర్తునే. ఏ గోడైతే శుభ్రంగా ఉందో ఆ గోడనే అనుమానించాలని ఏ పాఠ్యపుస్తకమూ ఆమెకు చెప్పలేదు. చెప్పగలిగింది ఈ ఊరు ఒక్కటే. ఇన్నాళ్ళూ ఊరికి ఆమె రాలేదు.

"నువ్వు వచ్చినంక ఒక్కసారేనా?"

"నేనొచ్చినాక ఒక్కసారే. నాకు ముందు సంగతి ఆ మూల చూడు."

గోడ మూల పెచ్చు ఊడి ఉంది. భవిత వంగి గోటితో మెల్లగా తడిమింది. పొర కింద పొర. పైది తెలుపు, దాని కింద పసుపు, ఆ కింద బూడిదరంగు, మళ్ళీ తెలుపు, అన్నిటికన్నా లోపల గడ్డిపరకలు కలిసిన ఎర్రమన్ను. అయిదు. ఇరవై రెండేళ్ళ కొలతల్లో ఒక్క వరదా లేని వాగుకు, గోడ అయిదు వరదలను లెక్కపెట్టి ఉంచింది. ఊరు తన వరదలను ఎక్కడ కప్పిపెట్టిందో అక్కడే భద్రంగా దాచింది.

"ఎత్తు ఎంతో సరిగ్గా ఎట్ల తెలుస్తది?" అని తనలో తాను అనుకున్నట్టు అంది.

"దానికేమి? ఇట్లా రా." కాలేషా ఆమెను ఒక ముసలి తీగ దగ్గరికి తీసుకెళ్ళాడు. తొడంత లావున్న కాండం, గోడను కరుచుకుని పైకి పాకింది. "దీని ఎనకకు మా చెయ్యి దూరలా. నరుకుదామంటే యజమాని ఒప్పుకోలా. ఆడ అట్లే ఉండాది చూడు."

కాండానికీ గోడకూ నడుమ బెత్తెడు సందు. భవిత ఫోను వెలుతురు లోపలికి పట్టింది. పూత పడని ఆ సన్నని పట్టీ మీద, ఎండిన ఒండ్రు గీత ఒకటి అడ్డంగా, సూటిగా ఉంది. ఆమె బ్యాగులోంచి టేపు తీసి గోడ పాదం నుంచి కొలిచింది. రెండు మీటర్ల పద్నాలుగు సెంటీమీటర్లు. ఇంకోసారి కొలిచింది. అంతే. నివేదికలో ఆమె అంగీకరించిన అత్యధిక మట్టం గోడ పాదానికి అరవై సెంటీమీటర్ల దిగువన. వసతిగృహాల్లో కింది మంచాల ఎత్తు నలభై అయిదు, పై మంచాలది నూట అరవై. ఈ అంకెలు ఆమె కోరకుండానే మనసులో పక్కపక్కన వచ్చి నిలబడ్డాయి.

"ఆ పొద్దు వాన పడిందా?"

"ఈడ యాడ వాన? ఆకాశం ఇదో, ఇట్లే ఉన్నింది. ఒక్క మబ్బు లే. వాన యాడనో పైన కొండల్లో పడింది. జుమ్మా చదివి వచ్చి, తిని, పండుకున్నాము. మాతో పనిచేసే అల్తాఫ్ ఆ మైదానంలో రేకులగదిలో పండుకున్నాడు, ఆడ గాలి బాగా వస్తాదని. మాది పైన రాతి కొట్టం. సద్దు ఇని లేసినాము. లేసేసరికి రేకులు లేవు."

కాలేషా కత్తెర మొనతో మైదానం వైపు చూపించాడు.

"రాయచోటి పిల్లోడు," అన్నాడు కాలేషా. "ముప్పై ఒకటి వయసు. ఈ ఊరి మట్టిలోనే పెట్టినాము. వాళ్ళమ్మ రహమత్‌బీకి పోయిన కాగితంలో కాలుజారి పడినాడని ఉన్నింది. ఏరు వచ్చిందని యాడా రాసిలేదంట. ఇంక నీళ్ళలో పోయినాడని ఎట్లా రాస్తారు? ఆయమ్మ నన్ను ఇప్పటికీ అడుగుతాది. నా కొడుకు చెట్టెక్కడానికి కూడా భయపడేటోడు, యాడ జారినాడు కాలేషా, అని."

అప్పటిదాకా దూరంగా నిలబడ్డ పద్మనాభం, నీడ కోసమో మరెందుకో, పందిరి కిందికి నాలుగడుగులు వేశాడు. కాలేషా ఆ నాలుగడుగులనూ చూశాడు. కత్తెర కింద పెట్టాడు.

"సారూ. మీరు ముసలోళ్ళయినారు గానీ నడక మారలా. ఎడమకాలు అట్లే ఈడుస్తాండారు."

పద్మనాభం ఆగిపోయాడు.

"కొత్త స్తంభం పాతేకి వచ్చిన సారు మీరే కదా? తెల్లబండిలో. ఈ గోడ కడగక ముందు. నేనే మీకు టీ ఇచ్చినా. అల్తాఫ్ సంగతి చెప్తే ఆ రాయి మీద కూర్చుండిపోయినారు."

తేలు కుట్టినవాడు మాట్లాడడు; మాట్లాడకపోవడం వల్లనే కుట్టిందని తెలుస్తుంది. భవిత ఆయన ముఖంలోకి చూసింది. ఆరేళ్ళలో మొదటిసారి ఆయన ఆమె చూపు తప్పించాడు.

"సర్. మీరు ఇక్కడికి ముందే వచ్చిన్రా?"

"వచ్చానమ్మా."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

పద్మనాభం రాయి మీద కూర్చున్నాడు. అదే రాయో కాదో భవితకు తెలియలేదు. "పైన ఆనకట్ట దగ్గర నీళ్ళు కొలిచే స్తంభం ఉండేది. వరద దాన్నే ముందు పట్టుకుపోయింది. కొలిచేది పోయాక కొలత ఎక్కడుంటుంది? తాత్కాలికంగా ఓ కొలకర్ర పాతేదాకా, అంటే ఏప్రిల్ తొమ్మిది నుంచి పదహారు దాకా, షీటులో ఎనిమిది గళ్ళు ఖాళీగా వచ్చాయి. నేను కొత్త. వచ్చి ఏడు వారాలు. సాఫ్ట్‌వేర్ ఖాళీ ఒప్పుకోలేదు. మేనేజర్ని అడిగితే, ఏదో ఒకటి నింపవయ్యా అన్నాడు. సున్నా కొట్టాను."

"వరద వచ్చిన రోజులకు సున్నా."

"కొట్టేటప్పుడు తెలీదు. పన్నెండు రోజుల తర్వాత ఇక్కడికి పంపారు. అప్పుడు తెలిసింది."

"తెలిసినంక మార్చలేదా?"

"ప్రొబేషన్‌లో ఉన్నాను భవితా. మూడు నెలలు గడవనీ అనుకున్నాను. గడిచాయి. ఏడాది అయ్యాక చూద్దామనుకున్నాను. ఈలోపు ఆ సున్నాల మీద వేరేవాళ్ళెవరో ఒక రిపోర్టు రాశారు. దాని మీద ఇంకొకళ్ళు. పాతబడ్డ తప్పుని మన ఆఫీసులో డేటా అంటారమ్మా. నువ్వు రాసింది దాని మీదే."

ఆయనను నిందించడానికి భవిత దగ్గర మాటలు సిద్ధంగానే ఉన్నాయి. కానీ కారణాలను వెనక్కి లాక్కుంటూ పోతే చివరి ముడి పక్కవాడి చేతిలో మాత్రమే దొరకాలని నియమమేమీ లేదు.

"నేను గూడ చూసిన సర్," అంది నెమ్మదిగా. "ఎనిమిది సున్నాలు, వరసకు. ఏప్రిల్‌ల. కొండల్ల వానలు పడే నెల. చూసి, ఏందిది అనుకున్న. అడుగుదామనుకున్న. గడువు దగ్గరుండె. దాటేసిన."

ఆయన తలెత్తాడు. పనిమంతుడి గొంతు తిరిగి తెచ్చుకుని అన్నాడు: "ఒక దారుంది. మైదానాన్ని రెండున్నర మీటర్లు మట్టితో ఎత్తు చెయ్యమని రాద్దాం. కన్సర్వేటివ్ డిజైన్ అంటే క్లయింట్ కాదనడు. పాత షీటు జోలికి పోనక్కర్లేదు. మనుషులు భద్రం. నీ ఇకామా, ఇక్కడ ఉండనిచ్చే ఆ కార్డు, భద్రం. నేను నెలలో వెళ్ళిపోతాను."

చెడ్డ సలహా కాదు. అందుకే భవిత వెంటనే తోసెయ్యలేకపోయింది. వాగు వంపును, మైదానాన్ని, గోడను వరసగా చూసింది. నీటికి ఒక చోటు మూస్తే అది మరో చోటు వెతుక్కుంటుంది.

"మైదానం ఎత్తు చేస్తే ఆ నీళ్ళెటు పోతయి సర్?"

పద్మనాభం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ముప్పై ఎనిమిదేళ్ళు నీళ్ళ లెక్కలు చేసిన మనిషికి ఆ జవాబు తెలియక కాదు.

"ఊర్లకు పోతాయి," అన్నాడు కాలేషా. "దానికి ఇంజనీరు ఏంటికి?"

"ఇకామా సంగతి నేనూ ఆలోచించిన," అంది భవిత. "కంపెనీ వద్దంటే కొన్ని దినాలల్ల పూచీ ఉండే వేరే కఫీల్‌ను వెతుక్కోవాలె, లేకుంటే పోవాలె. పోత. కానీ మీది అట్ల కాదు. నేను నిజం రాస్తే మొదట అడిగేది ఆ సున్నాలు ఎవరు కొట్టిన్రని. మీ పేరు చెప్పకుండ రాసుడు ఎట్లనో నాకు తెలుస్తలేదు. ఆంటీ అప్పుడే ఇల్లు సర్దుతున్నరు."

ఇదీ అసలు చిక్కు. రెండువందల అరవై మంది ముఖాలు ఆమె ఎరుగదు. నాగమల్లేశ్వరి చేతి చెంచాను ఆమె ఎరుగును.

కాలేషా లేచి, కత్తెర అందుకుని, మళ్ళీ ఆగాడు. "సారూ, మీ కంపెనీ లెక్కలు నాకు తెలీదు. ఆ పొద్దు మీరు ఆ రాయి మీద కూర్చొని, రాస్తాను, ఈ సంగతి రాస్తాను అన్నారు. నేను రహమత్‌బీకి చెప్పినా. సారు రాస్తానన్నాడు, వస్తాది కాగితం అని. ఆయమ్మ ఉండాది ఇంకా. ఎదురు చూస్తానే ఉండాది."

పద్మనాభం తన చేతులను చూసుకున్నాడు. తర్వాత, "ఆ చివరి పేజీ తెచ్చావా?" అని అడిగాడు.

భవిత ఫైలు తెరిచి ఇచ్చింది. ఆయన దాన్ని మోకాలి మీద పెట్టుకుని జేబులోంచి కలం తీశాడు. 'స్థలాన్ని చూసిన తేదీ' అన్న గడిలో నింపాదిగా, బడిపిల్లవాడి దస్తూరీలా విడివిడిగా అంకెలు వేశాడు. ఆ పక్కన, రెండు మీటర్ల పద్నాలుగు సెంటీమీటర్లు అని రాశాడు. కాగితం ఆమెకు తిరిగి ఇచ్చాడు.

భవిత చదివింది. అంకెల్లో రోజూ నెలా ఈ శుక్రవారానివి కావు. సంవత్సరం కూడా కాదు. పద్దెనిమిదేళ్ళ కిందటి ఏప్రిల్ ఇరవై ఎనిమిది.

"సర్, ఇది ఇస్తే విచారణ పెడ్తరు, మీరు నెలలో పోలేరు."

"తెలుసు," అన్నాడాయన. "నాగమల్లేశ్వరికి మాత్రం నేను చెప్తాను. నువ్వు చెప్పకు."

ఆరేళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం, హమ్దా మీద ఆకాశం తేటగా ఉండగానే వాగు వచ్చింది. నీరు రెండు మీటర్ల ఏడు సెంటీమీటర్లు లేచింది. మైదానంలో వసతిగృహాలు కట్టలేదు; ఆ వేళ అక్కడ మనుషులెవరూ లేరు. నివేదిక చివరి పుటలో ఉన్న సంతకాలు రెండు. ఒకటి పద్మనాభానిది, ఇంకోటి సాక్షిగా కాలేషాది; ఆనాడు చూసినవాళ్ళవే ఉండాలని పద్మనాభం పట్టుబట్టాడు. వాటిలో భవితది లేదు.